రెండు విశ్రాంతి దినాలున్న ఇల్లు

ఎస్తేరూ,

శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సు వచ్చే వేళయింది, నిన్ను లేపలేదు. ఈరోజు శనివారం, మీ సంఘం ప్రకారం నీ విశ్రాంతి దినం. అన్నం, చారు, వంకాయ కూర నేనే చేశాను. అమ్మ మాత్రలు ఆమె మంచం పక్కనే పెట్టాను. నెమ్మదిగా లేచి మీ చర్చికి వెళ్ళు. గిన్నెలు ముట్టుకోవద్దు, వచ్చి నేను కడుగుతాను.

పెళ్ళైనప్పటి నుంచీ, శనివారం పని చేయకూడదని శుక్రవారమే వండిన చల్లన్నం పెడతావని నీమీద సణుగుతూనే ఉన్నాను. మా సంఘానికి విశ్రాంతి దినం ఆదివారం కాబట్టి ఆ రోజు నేను మాత్రం హాయిగా పడుకుంటూ వచ్చాను. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నీకు చెప్పకుండా సంఘపెద్దలను భోజనానికి తీసుకొచ్చాను కదా. వాళ్ళు వెళ్ళాక కునుకు తీస్తుంటే అమ్మ తట్టి లేపింది.

"ఏమిరా, నీ విశ్రాంతి దినాన ఆ బిడ్డ పొద్దన్నించీ పొయ్యికాడ్నే ఉండాది. ఎద్దుకు గూడా పని చెప్పొద్దని ఆజ్ఞలో ఉండాది గదా, పెండ్లానికి చెప్పొచ్చునని యాడ రాసినారు?" అనింది.

రోజూ ఆమెకు బైబిల్ చదివి వినిపించేది నేనే. ఆ ఆజ్ఞ కూడా నేను చదివిందే. అంతలో నువ్వు నవ్వుతూ కాఫీ తెచ్చిచ్చావు.

రేపు ఎవరినీ పిలవలేదు, రేపటి వంట ఈ రాత్రే నేను చేసి పెడతాను. శనివారం ఎప్పటిలా నీదే, ఆదివారం విశ్రాంతి మాత్రం ఇకనుంచి ఇద్దరిదీ. అలాగని నన్ను మీ సంఘంలో కలిపేసుకోవద్దు!

దేవదానం

చారులో ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు. చూసి వేసుకో. అది పని కిందికి రాదులే.