నాలుగు గుర్రాల టెన్నిసు కోచి

విశాఖపట్నం
4 జూలై 1927

పూజ్యులైన మావయ్యకి రాజులమ్మ నమస్కారాలు.

నేను బాగున్నాను. అనంతగిరిలో మీ మోకాళ్లు, మీ తట్టువ గుర్రాలు, మీ కబుర్లు అన్నీ కులాసాగా ఉన్నాయని తలుస్తాను.

శుభవార్త. మా ఆడపిల్లల కాలేజీలో నన్ను టెన్నిసు కోచిగా వేశారు. ఈ జిల్లాల్లో ఈ పని చేసే ఆడమనిషిని నేనొక్కదాన్నేనట! నా చేతికి నాలుగింటిని అప్పగించారు. నాలుగూ నాలుగు దిక్కులకి లాగుతున్నాయి. ఒకటి బంతి కనిపిస్తే చాలు, బెదిరి కళ్లు మూసుకుంటుంది. ఇంకొకటి నిలబెట్టిన చోటునుంచి కదలదు. సోములమ్మ అని మన కొండలదే ఒకటుంది, ఎంత దిద్దినా ఎడమవైపుకే పోతుంది.

డిసెంబరు పదిహేడున పందెం. గెలిస్తే ఉద్యోగం నిలుస్తుంది, ఓడితే తీసేస్తారు. ఆడదానికి ఈ పనేమిటని కమిటీలో ప్లీడరు సర్వేశ్వరరావుగారు మొదటినుంచీ అంటూనే ఉన్నారు.

మీ మేనకోడలు
రాజులమ్మ

తా.క.: తీసేస్తే మళ్లీ కుట్టుపని పంతులమ్మగా పోవలసిందే. సూదిలో దారం ఎక్కించేసరికి నా ఆయుష్షు సగం అయిపోతుందని మీకు తెలుసు.


అనంతగిరి
15 జూలై

చిరంజీవి రాజులమ్మని మావయ్య సన్యాసయ్య మనసారా దీవించి వ్రాసేది.

నీ ఉత్తరం కూర్చుని మొదలుపెట్టి నిలబడి పూర్తిచేశాను. నాలుగు గుర్రాల కోచి బండి! నలభై ఏళ్లు ఈ ఘాటీ కొండదారిలో తట్టువల మీద సరుకు తోలినవాణ్ణి, నేనే రెండు గుర్రాలకి మించి పగ్గం పట్టి ఎరగను. విక్టోరియా బండి చూశాను, ఫిటను బండి నాకే ఒకటుంది. ఈ టెన్నిసు బండి మాత్రం వినలేదు. టెన్నిసు అనే దొరెవరో చేయించి ఉంటాడు.

సంతలో చెప్పాను. సోంబరు ముసలాడు మొయ్యబోయిన కావిడి దించేసి, "ఏటీ, మన రాజులు గుంట నాలుగు గుర్రాల్ని తోలతందా!" అని తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. వాడు తాసిల్దారు వచ్చినా తలపాగా తియ్యడు.

బంతిపూలకి బెదరడం గురించి నన్నడుగు. పాడేరులో ఒక పెళ్లికి మా తట్టువ యర్రమ్మ మెడలో బంతిదండ వేశారు. అది పెళ్లికొడుకుతో సహా వాగులో దిగింది. పెళ్లికూతురు తరఫువాళ్లు చాలా మంచివాళ్లు, వాగులోకే అక్షింతలు విసిరారు. దేనికి చెబుతున్నానంటే, బెదురుదాన్ని అదిలించకు. మెడమీద చెయ్యి వేసి, మాట్లాడకుండా పక్కన నిలబడు. భయపడేదాన్ని ముందు దూరంనుంచి చూపించు, తరవాత ముట్టుకోనియ్యి. ఎడమకి లాగేదాన్ని దిద్దకు. ఎడమవైపే కట్టు.

నీ శ్రేయస్సు కోరే
సన్యాసయ్య

తా.క.: కదలనిదాని సంగతి మరిచాను. అది బద్ధకం కాదు, ఆలోచన. కాస్త బెల్లం పెట్టు.


విశాఖపట్నం
2 సెప్టెంబరు

మావయ్యకి నమస్కరించి రాజులమ్మ వ్రాసేది.

మీ గుర్రాల హాస్యానికి ఒక్కదాన్నే గదిలో పడి నవ్వాను. హాస్యమే అయినా మీరు చెప్పిందల్లా చేశాను, అంతా జరిగింది! బెదురుది ఇప్పుడు కళ్లు విప్పార్చుకుని ఎదురువెళుతోంది. సోములమ్మని దిద్దడం మాని ఎడమవైపే వదిలాను. మావయ్యా, దాన్ని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మెరుపు ఏ వైపునుంచి వస్తుందో ఎదుటివాళ్లకి తెలియడం లేదు. కదలనిది బెల్లానికి కదిలింది. కొండమీద కూర్చుని ఈ విద్య ఎలా పట్టారు?

ఇప్పుడు కాళ్లతోనే చిక్కు. కంకరనేల మీద పరిగెత్తి అరికాళ్లు అరిగిపోతున్నాయి. జోళ్లు కొనమంటే సర్వేశ్వరరావుగారు అక్కరలేదన్నారు. పెట్టే తిండీ చాలదు, సాయంత్రానికి నాలుగూ డీలాపడుతున్నాయి.

మీ
రాజులమ్మ

తా.క.: పరుగులో అడ్డం రాకుండా జడలు కత్తిరించమంటోంది మా ప్రిన్సిపాలు దొరసాని. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?


అనంతగిరి
14 సెప్టెంబరు

చిరంజీవి రాజులమ్మకి మావయ్య దీవెనలు.

గుర్రాలకి జోళ్లు అనకూడదమ్మా, నాడాలు అనాలి. పెద్ద ఉద్యోగంలో ఉన్నావు, నలుగురూ వింటారు. నాడాలు వేసే భీమన్నని పంపుతున్నాను. నాలుగింటికీ అన్ని కాళ్లకీ సరిపడా నాడాలు, మేకులు, కొలిమితిత్తి వాడే తెస్తాడు. తన్నే గుర్రమైనా వాడి ఒళ్లో కాలు పెట్టి నిద్రపోతుంది. రెండు బస్తాల ఉలవలూ పంపుతున్నాను, నానబెట్టి పెట్టు.

జూలు జడలల్లి ముడిపెట్టు. కత్తిరించకు. తోకల జోలికి అసలే పోనివ్వకు. దొరసానికి నా మాటగా చెప్పు: తోక లేకపోతే ఈగలు తోలుకోడానికి అదేం పెట్టుకుంటుంది?

పందెం రోజుకి నా ఫిటనూ, నా రెండు తట్టువలూ తీసుకుని నేనే దిగుతాను. నీ కోచి పక్కన నా బండి నిలబెట్టి కళ్లారా చూసుకోవాలి.

సన్యాసయ్య

తా.క.: వాటి వయసెంతో వ్రాయలేదు. తెలియకపోతే పళ్లు చూడమని భీమన్నకి చెప్పాను.


విశాఖపట్నం
10 డిసెంబరు

మావయ్యకి రాజులమ్మ చేతులు జోడించి వ్రాసేది.

భీమన్న వచ్చాడు. దారిలో ప్రతి ఊళ్లోనూ ఎవరి గుర్రానికో నాడాలు వేస్తూ ఇన్నాళ్లకి వచ్చాడు. మా హాస్టలు వాకిట్లో కొలిమి వెలిగించి, "సోములమ్మని బేగి తెండి బాబూ, నాడా సల్లారకముందే అయిపోద్ది" అన్నాడు. మా పిల్ల సోములమ్మ మేడెక్కి తలుపు గడియవేసుకుంది. బెదురు గంగాభవాని దొరికిపోయింది. "నోరు తెరువమ్మా, పళ్లు సూత్తాను" అన్నాడట. ఇప్పుడది మళ్లీ బెదురుతోంది.

నాకు అప్పుడు వెలిగింది. మావయ్యా, నేను బండి తోలడం లేదు! టెన్నిసు అంటే వల కట్టి, రెండువైపులా నిలబడి, బ్యాటుతో బంతి కొట్టుకునే ఆట. ఆ ఆట నేర్పే మనిషిని ఇంగ్లీషులో కోచి అంటారు. ఆ నాలుగూ ఆడపిల్లలు.

ఈ గొడవ సర్వేశ్వరరావుగారి చెవిన పడింది. పందేనికి కాలేజీ బండి ఇవ్వనన్నారు. తెర వేసిన బండి లేకపోతే పిల్లల ఇళ్లవాళ్లు పంపరు. పదిహేడో తారీకు పొద్దున్న క్లబ్బు మైదానానికి వేళకి చేరకపోతే ఓడినట్టే. కోచికే కోచి కావలసివచ్చింది. మీరు బయలుదేరకముందే ఈ ఉత్తరం అందితే ఫిటనుకి తెర కట్టుకుని రండి.

రాజులమ్మ

తా.క.: ఉలవలతో వంటామె చారు కాచింది. దొరసాని మూడు మాట్లు పోయించుకుని, ఈ గుర్రపు సంగతి ఇక ఎవరూ ఎత్తకూడదని ఆర్డరు వేసింది. నాడాలు వేయకుండా కొండెక్కనని భీమన్న భీష్మించాడు. చివరికి జీనుతోలుతో పిల్లలకి నాలుగు జతల జోళ్లు కుట్టించుకున్నాను. మేకులు మాత్రం కొట్టనివ్వలేదు.


విశాఖపట్నం
19 డిసెంబరు

మావయ్యకి రాజులమ్మ నమస్కారాలు.

ఆ పొద్దున్న మీ ఫిటను గేటు ముందు కనబడగానే పిల్లల్ని లాక్కుని పరిగెత్తాను. తెర లేదని మీ పై పంచె కట్టాం. "ఎక్కండే, బేగి ఎక్కండి" అనడమే గాని మీకు దణ్ణం కూడా పెట్టలేదు. గెలిచాం! చివర్లో సోములమ్మ మడమ బెణికింది. నేను లోపల కట్టు కడుతూ ఉన్నాను. బయటికి వచ్చేసరికి సభ అయిపోయింది, మీరూ లేరు. పిల్లల్ని దొరసాని క్లబ్బువాళ్ల మోటారుకి తెర కట్టించి అందులో తెచ్చింది.

నా ఉద్యోగం శాశ్వతం చేశారట! కాని ఎలాగో ఎవరూ చెప్పరు. సర్వేశ్వరరావుగారు నేను ఎదురుపడితే గోడవైపు తిరుగుతున్నారు. కోచికి దండ వేశామని క్లబ్బు జవాను అంటాడు. నాకెవరూ వేయలేదే?

రాజులమ్మ

తా.క.: దండ సంగతి మీకేమైనా తెలుసా?


అనంతగిరి
28 డిసెంబరు

చిరంజీవి రాజులమ్మని, ఇప్పుడే కళ్లు తుడుచుకుని మావయ్య దీవించేది.

నువ్వు పదో తారీకున వ్రాసిన ఉత్తరం, నేను కొండ దిగాక ఇల్లు చేరింది. తిరిగొచ్చి చదివాను. అంటే ఆ రోజు నేను ఏమీ తెలియకుండానే వచ్చాను. నీ కోచిని కమిటీవాళ్లు లాగేసుకున్నారు కాబోలు, పాపం నా బండి ఎక్కుతోంది అనుకున్నాను.

క్లబ్బు గోడ పక్కన బండి ఆపి, తోలే పీటమీదే నిలబడి చూశాను. రాజులూ, వానలు వెనకబట్టాక గాలికొండ మీద మబ్బు విడితే ఒక్కసారిగా లోయంతా కనబడుతుంది చూడు, నాకు అలా అయింది. ఆ కొండ గుంట ఎడమచెయ్యి ఎత్తింది. బంతి నాకు కనబడనే లేదు, అవతల దుమ్ము లేచింది. ఆ బెదురుగుంట వల దగ్గరికి ఉరికి, ముఖం మీదికి వచ్చేదాన్ని రెప్ప వాల్చకుండా కొట్టింది. నువ్వు పక్కన నిలబడి ఉన్నావు. నోరు తెరవలేదు. నాలుగూ నీ కళ్లు చూసి కదిలాయి. చేత కొరడా లేదు, నోటికి కళ్లెం లేదు, పగ్గమే లేదు! నలభై ఏళ్లు తోలాను గాని ఇటువంటి తోలకం చూడలేదు. నా తలపాగా ఎప్పుడు తీశానో నాకే తెలియదు.

అయ్యాక, పైన కూర్చున్న క్లబ్బు దొర "కోచి ఎవరు? ముందుకు రావాలి" అన్నాడు. ఆ పూట కోచి తోలింది నేనేగదా. దిగి వెళ్లాను. సర్వేశ్వరరావుగారు నన్ను ఎగాదిగా చూసి, "మీరేనా కోచి?" అన్నారు.

"నేనేనండి. నలభై ఏళ్లుగా ఇదే పని."

ఆయన మొహం దీపం పెట్టినట్టయింది. "ఆడదానివల్ల అయ్యేది కాదని నేను చెప్పలేదూ! వెనక ఈ పెద్దాయన ఉన్నాడన్నమాట!" అని నా మెడలో దండ వేసి, ఊరి పెద్దలందరూ వింటూండగా, కోచి ఉద్యోగం ఇవాళ్టినుంచి శాశ్వతం అని ప్రకటించేశారు. చప్పట్లు మోగాయి. గుమాస్తా వ్రాసుకున్నాడు.

అప్పుడాయన నా చెవిలో, "పిల్లలకి ఈ ఆట ఎలా నేర్పారండీ?" అన్నారు.

"ఆట నాకేటి తెలుసు బాబూ? నేను తోలింది బయట బండి. లోపలోళ్లని నడిపింది మా మేనకోడలు. అదిగో, ఆ గదిలో గుంట కాలికి కట్టు కడతంది" అన్నాను, కొంచెం గట్టిగానే. ఘాటీలో అరిచి అరిచి నా గొంతు చిన్నగా పలకదు.

అంతా విన్నారు. క్లబ్బు దొర కుర్చీలో వెనక్కిపడి నవ్వాడు. "ప్లీడరుగారూ, ఉద్యోగం శాశ్వతం అన్నారు గాని మగవాడికి అని అనలేదే! గుమాస్తా, రాజులమ్మ పేరు వ్రాయి" అన్నాడు. ప్లీడరుగారు ఇన్నేళ్ల వాదనలో ఒక్క మాటలోనూ అంతలా జారి ఉండరు. ఆయన తేరుకునేలోగా నేను బండి కట్టి వచ్చేశాను. నిన్ను పిలిస్తే ఏడ్చేస్తానని భయం.

నీ విద్యకి దణ్ణం పెట్టే
మావయ్య

తా.క.: దండ నీదే. నీకు పంపాలనే తెచ్చాను గాని, ఘాటీ మొదట్లో నీళ్లకి ఆపినప్పుడు తట్టువలు తినేశాయి. ఆ పూటనుంచీ రెండూ నా మాట వినడం లేదు. సెలవుల్లో ఒకసారి వచ్చి, ఊరికే వాటి పక్కన నిలబడి చూడు.