డాక్టరమ్మ రెండో ప్రశ్న

1955 జనవరి 9, జమ్మలమడుగు

నా రాత వంకర. తప్పులుంటే మన్నించాలి, ఐదో తరగతితో ఆపేశారు. మా ఆయన ప్రొద్దుటూరు బడిలో అయ్యవారు. క్షయ వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో ఉన్నారు. వార్డులో ఆయా పని నాకు దొరికితే ఆయన బెడ్ డబ్బు తీసుకోకుండా ఊరికే ఉంచుతారట. దొరసాని డాక్టరమ్మకు తెలుగు రాదు, ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే. ఆయన పడుకునే గ్రామర్ చెబుతున్నారు.

జనవరి 12

నౌన్ అంటే పేరు. వర్బ్ అంటే పని. ‘హీ ఈట్’ అన్నాను. “చివర ఎస్ యాడ పాయ? నువ్వే తినేసినావా?” అని నవ్వారు. నవ్వితే దగ్గు, దగ్గితే రక్తం. ఇక నవ్వించకూడదు.

జనవరి 20

పాత ఆయా సైదున్నీసా పాఠం వింది. “మే, గోడకు చెప్తాండావా? దొరసాని ముందర గూడా కొంగు నోట్లో పెట్టుకుంటే పని ఎవురిస్తారు?” అంది. పాఠం మళ్లీ గట్టిగా చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి.

జనవరి 31, మధ్యాహ్నం

ఇంటర్వ్యూ అయింది. మొదటి ప్రశ్న నా పేరు. పూర్తి వాక్యంలో చెప్పాను. డాక్టరమ్మ తల ఊపింది.

రెండోది ఆయన పేరు. ‘మై హజ్బెండ్స్ నేమ్ ఈజ్’ దాకా వచ్చి ఆగిపోయాను. మా ఇంట్లో ఆడవాళ్లెవరూ పెనిమిటి పేరు పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుంది. ఆయనకు మిగిలిందే కొంచెం. ఎవరైనా అడిగితే పక్కనున్నవాళ్లు చెబుతారు. అలవాటుగా తలుపు దగ్గరున్న సైదున్నీసా వైపు చూశాను. జవాబు అందించమంటున్నానని డాక్టరమ్మకు కోపం వచ్చింది. ఆమెను బయటికి పంపి మళ్లీ అడిగింది. నేల చూశాను. కాగితంలో నా పేరు కొట్టేసి ఇంకొకరిని పిలిచింది.

ఫిబ్రవరి 1

సైదున్నీసా ఆయనకు చెప్పేసింది. “అయ్యవారూ, నీ పేరు చెప్తే నువ్వు చస్తావంట! పని పాయ, నీ బెడ్డూ పాయ.”

ఆయన నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి, “దొరసానికి చెప్పకుంటే పోనీలే. నాకు చెప్పు. ఒక్క తూరి వింటా” అన్నారు.

చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఆయన గోడవైపు తిరిగారు.

ఫిబ్రవరి 4

బెడ్ ఖాళీ చేయమన్నారు.

ఫిబ్రవరి 6, ప్రొద్దుటూరు

బస్సులో ఆయన దగ్గు విని పక్కవాళ్లు లేచిపోయారు. ఇల్లు చేరాక పాఠం చెప్పమన్నాను. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు.

ఈ కాగితాలు ఎవరికైనా దొరికితే పొయ్యిలో వేసేయండి. మిగిలిందే కొంచెమని రాశాను, ఆయనకు చదివి వినిపించకండి.