మామిడి పూసింది, నీళ్లు పొయ్యకు

బావా,

రాత్రి డ్యూటీ దిగి బట్ట నేసే సాంచల కాడి నుంచి రాంగనే ఎప్పటి లెక్క మామిడి చెట్టు కింద తానం చెయ్యకు. బకెట్ నీళ్ల గోలెం పక్కన పెట్టిన, ఆడ చెయ్యి. చెట్టుకు చెంబెడు నీళ్లు గూడ పోవద్దు. కాయ నిలిచేదాక నీళ్లు పోస్తే పూత రాలుతదని మా అక్క ఫోన్ల చెప్పింది.

అవు, పూత! మన చెట్టు పూసింది! గోడ దిక్కు కొమ్మకు చూడు, స్టూల్ ఆడనే ఏసిన. పొద్దుగాల వాకిలి ఊడుస్తుంటే కనవడ్డది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూసిన, తుమ్ములే తుమ్ములు. చలి ఇంకా పోనేలేదు, ఉగాది ఎప్పుడో ఉన్నది, నాకైతే కాలు ఒక్కతాన నిలుస్తలేదు.

"ఇది కాసే చెట్టు కాదు, కొట్టేసి రేకుల షెడ్డు ఏద్దాం" అని నిన్ను సతాయించింది నేనే. "ఈ ఒక్క ఏడు ఆగు స్వప్నా" అని నువ్వు బతిమిలాడితివి. ఆదివారం రంపం పట్టుకొని వస్తనన్న రాజయ్యకు ఫోన్ చేసి రావద్దన్న. "ఏమైంది బిడ్డా?" అన్నడు. "పూసింది కాకా" అన్న. ఆయన నవ్వుడు నువ్వు ఇనాలె!

అక్కోళ్లు పసుపు ఉడకబెడుతున్నరు, మేడిపల్లి పోతున్న. పొద్దుమీకి వస్త. అన్నం, పప్పుచారు పొయ్యి పక్కనున్నయి. తిని పండుకో. చాయ్ మాత్రం నేనొచ్చినంక చెట్టు కింద కూసొని ఇద్దరం తాగుదాం.

ఇంకోటి. నువ్వే గెలిచినవని వాడకట్టంత చెప్పుకుంట తిరగకు. నేను పొద్దుగాలనే చెప్పొచ్చిన.