గుమ్మం దగ్గర గోధుమ గిన్నె

రాడోయ్కా అక్కకు,

నువ్వు పంపిన పథ్యం కాగితం చేరింది. రొట్టె, గింజలు మానేసి మాంసం ఎంతైనా తినొచ్చట. నేను చెయ్యను. మన ఇంటిని కాచే సాధువు నికోలా పండుగకి గుమ్మం దగ్గర గోధుమ గిన్నె పెట్టొద్దని కూడా రాశావు. అది జరగని పని.

నిరుడు గుమ్మంలోనే చెంచా తోసేసి, "గోధుమ నాకు విషంరా" అన్నావు. అవి నాన్న ఆత్మ కోసం ఉడికించిన గోధుమలక్కా! వచ్చినవాళ్లెవరైనా ఒక్క చెంచా నోట్లో వేసుకున్నాకే కదా లోపలికి అడుగుపెడతారు? వితోమీర్ బాబాయి ఆ పూటంతా నీతో మాట్లాడలేదు.

అంతకుముందు క్యాబేజీ చారు పథ్యం, దానికి ముందు గుడ్ల పథ్యం. ప్రతిసారీ నీ పోయిన బరువు చుట్టాల్ని వెంటేసుకుని మరీ తిరిగొచ్చింది. పైగా "నీ పొట్ట మీద పండుగ కొవ్వొత్తి నిలబడుతుందిరా" అని నన్ను వెక్కిరిస్తావా?

మా డాక్టరమ్మ చెప్పింది వేరు. "ముసలితనం దాకా పాటించగలిగేదే పథ్యమండీ. అన్నీ తినండి, కాస్త తగ్గించి తినండి, రోజూ నడవండి. మెల్లగా తగ్గిందే నిలుస్తుంది" అంది. రొట్టె సగం చేశాను. కొండ మీది చర్చికి నడిచే వెళ్తున్నాను. నిరుటి బెల్టుకి కొత్త బెజ్జం పొడవాల్సొచ్చింది.

పండుగకి రా. గిన్నె పట్టుకుని గుమ్మంలో నేనే నిలబడతాను. పక్కన నాన్న కొవ్వొత్తి వెలుగుతుంటుంది. వద్దనే మాట నాతో కాదు, దానితో చెప్పు.

నీ తమ్ముడు