బక్కోడి గొంతు వాళ్ళక్కకే

లిఫ్టులు బిగించి బతికిన నేను, రేపు గుండె ఆపరేషన్ ఉన్నందున, తెలివి నిలకడగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న చివరి ఏర్పాటు ఇది. ఇది సక్రమంగా జరిపించే బాధ్యత, నన్ను మాత్రల నుంచి బయటపడేసిన డాక్టరమ్మది.

1. నా స్వార్జితమైన ఇల్లు నా భార్య దాన విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసినది. మాత్రల కోసం గొడవపడి నేను విసిరి పగలగొట్టిన అద్దం స్థానంలో, నాకు గుర్తుండాలని ఆమె ఇంకోటి పెట్టనివ్వలేదు. ఇక పెట్టుకోవచ్చు.

2. పనిముట్ల పెట్టె నా కూతురికి. పెద్ద పానా మొరాయిస్తుంది, తిట్టకుండా తిప్పాలి.

3. నా బావమరిదికి ఏమీ లేదు. పదిమందిలో నన్ను 'మాత్రల మారాజు' అన్నాడు. అయితే, వాలుకుర్చీ అడిగితే ఇవ్వండి. నడుం నొప్పి అతనికీ మొదలైందట.

4. వీఆర్ హెడ్‌సెట్ సంగతి వివరంగా రాయాలి. లిఫ్టు గుంటలో పడి నడుం విరిగినప్పుడు ఇచ్చిన మాత్రలు, నొప్పి పోయినా నన్ను వదల్లేదు. మాన్పించే కేంద్రంలో డాక్టరమ్మ ఆ హెడ్‌సెట్ కళ్ళకు కట్టి, మొదట సముద్రం చూపించి నిదానంగా ఊపిరి తీసుకోవడం నేర్పింది. తర్వాత ఒక గది. చిరిగిన సోఫా, అరచేతిలో మాత్రతో ఎదురుగా ఒక మనిషి. అతనికి 'వద్దు' అని చెప్పడమే మా సాధన.

ఆ బొమ్మమనిషికి గొంతిచ్చింది నా పక్క మంచం బక్కోడు. గోడలకు రంగులేసేవాడు. "ఒక్కటే అన్నా, ఏం కాదు, నేనున్నాగా" అని వాడంటే రాయి కూడా చెయ్యి చాపేది. "నన్ను ముంచిన మాటలే కదన్నా, నోటికొచ్చు" అని నవ్వాడు.

ఇంటికెళ్ళిన కొద్దిరోజులకే వాడు మళ్ళీ వేసుకున్నాడు. మానేసిన ఒంటికి పాత మోతాదు విషమని వాడికీ చెప్పారు. లేవలేదు.

ఆ తర్వాత హెడ్‌సెట్ కట్టుకుంటే వాడక్కడే నిలబడి ఉన్నాడు. "నేనున్నాగా" అన్నాడు. గొంతు మార్చేస్తానంది డాక్టరమ్మ. నేనే ఆపాను. పోయినవాడికి వద్దు, వద్దు అని చెబుతూ నేను బతికి బట్టకట్టాను.

5. బట్టలు కుట్టే వాళ్ళక్క, తమ్ముడి గొంతు ఇంకెక్కడా మిగల్లేదని కేంద్రానికి వచ్చింది. కట్టుకుని విన్నది. "అన్నా కాదు, ఒక్కసారి అక్కా అనమనండి" అంది. అందులో ఉన్నవి ఆ కాసిని మాటలేనంది డాక్టరమ్మ. ఆమే చెయ్యి గాల్లోకి చాపి, "వద్దు నాన్నా, నువ్వూ పారెయ్" అంది.

కేంద్రం నాకిచ్చేసిన ఆ పాత హెడ్‌సెట్, అందులోని గొంతు ఆమెకే చెందవలసినది. ఉంచుకున్నా చెరిపేసినా ఆమె ఇష్టం. కొత్తవాళ్ళ కోసం కేంద్రంవారు వేరే గొంతు వెతుక్కోవాలి.

6. ఇది వీలునామాలో రాసే మాట కాదన్నాడు లాయరు. రాయమన్నాను. ఆపరేషన్ అయ్యాక నొప్పికి నాకు ఆ మాత్రల జాతి మందే ఇస్తారు. సీసా నా భార్య దగ్గరే ఉండాలి. డాక్టరమ్మ చెప్పిన మోతాదు దాటి అడిగితే ఇవ్వకూడదు. ఏడుస్తాను. ఒట్లు పెడతాను. కూతురి పేరు చెప్పి బతిమాలుతాను. గొంతు అచ్చం నాదే ఉంటుంది. నమ్మొద్దు.

ఆదివారం, ఆపరేషన్‌కు ముందురోజు.

(సంతకం) లిఫ్టు మేస్త్రి

సాక్షులు:
వార్డు నర్సమ్మ
ఎదురు మంచం బడిపంతులు