ఆమెన్ అనేలోపు

శనివారం రాత్రి

మా చర్చి సంఘం యూత్‌తో కలిసి అన్నం పొట్లాలు పంచడానికి ఈరోజు మద్దిలపాలెం బస్టాండుకి వెళ్లాం. ఒక ముసలమ్మ చెయ్యి చాచింది. ఇవ్వబోతుంటే మా ఆయన ఆపి, "ముందు ప్రార్థన సేద్దారి" అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన లోకంలోని ఆకలిగొన్న వాళ్లందరి కోసం ప్రార్థిస్తూనే ఉన్నారు. ఇంతలో ఆమె ఎక్కాల్సిన ఆనందపురం బస్సు వచ్చింది.

"పొద్దుట్నుంచి ఎంగిలి పడలేదమ్మా, బేగి ఇచ్చీ" అంది ముసలమ్మ.

ప్రార్థన మధ్యలో కదిలితే అందరూ ఏమనుకుంటారోనని పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆమె ఉత్తి చేతులతో బస్సెక్కేసింది.

ఇంటికొచ్చి ఆయనతో ఆమె సంగతి చెప్తే, "దేవుడు సూసుకుంతాడులేయే, తొంగో" అన్నారు.

చూసుకోమనే కదా దేవుడు ఆ పొట్లం నా చేతిలో పెట్టాడు! ఆ మాట ఆయనతో అనకుండా ఇక్కడ రాసుకుంటున్నాను. రేపు మధురవాడలో పొట్లాలు పంచేటప్పుడూ ప్రార్థన ఆయనదే…