నా పేరు కొట్టించిన ఇత్తడి గ్లాసు

...అనేదాకా నిన్న రాసినా. అంతలో మా మేనత్త పుల్లమ్మత్త పెసలు చెరగడానికి పిలిచింది, ఆపేసినా. ఇప్పుడు అత్త మధ్యాన్నం కునుకు తీస్తంది. కాబట్టి నిన్న రాసింది మొదట్నుంచి ఒకసారి చదువుకొని, ఆపిన కాణ్ణించి రాస్తా.

మార్కాపురంలో కాపురముండే మాలకొండయ్య కూతురు శ్యామలమ్మ అనే నేను, వయసు పదిహేను, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఒకరు బెదిరించకుండా, ఇంకొకరు బతిమాలకుండా, నా చేత్తో నేను రాసుకుంటన్న వీలునామా. బెదిరించకుండా అన్నా గాని భయం ఉంది. అది ఎవరూ పెట్టింది కాదు, నాకై నాకు పుట్టింది.

మైనరు రాసిన వీలునామా చెల్లదని నాకు తెలుసు. నాయన ముప్పై ఏండ్లు రిజిస్ట్రారాఫీసులో ఊరందరి దస్తావేజులూ బుక్కుల్లోకి ఎక్కించినాడు. అన్నం కాడ గూడా సదరు పచ్చడి ఇటు జరుపు అంటాడు. చెల్లకపోతే పోనీ. నేను పోయినాక ఇది చదివేది ఆఫీసోళ్లు కాదు.

1. ఈ కాయితం రాయాల్సిన అవసరం ఏందో ముందు చెప్తా. వచ్చే నెల్లో నాయన రిటైరు. ఈ ఇల్లు అద్దెది, విడిచిపెట్టాల. ఏ ఊళ్లో ఉండాల అనేది ఏడాది నుంచి నడుస్తన్న మాట. నేను చదువుకునే కర్నూలు మిషను బడి హాస్టలుకి నాయన రాసిన జాబుల్లో శివరాత్రి దాకా పొదిలి అనే ఉండేది. మనోళ్లంతా అక్కడే, మంచికీ చెడ్డకీ నలుగురొస్తారు, సంత దగ్గర అని. శివరాత్రి తర్వాత జాబుల్లో పొదిలి ఊసే లేదు. సెలవలకి వచ్చి అడిగితే అక్కడ దుమ్ము అన్నాడు. మార్కాపురంలో లేదా దుమ్ము?

అప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఒకటే అడుగుతన్నాడు, మీ ఊళ్లో గాలి ఎట్ల ఉంటది అని. నీళ్ల సంగతి అడగడు, మనుషుల సంగతి అడగడు. గిద్దలూరు పచ్చగా ఉంటది, రైలుంది అని ఎవరో చెప్పినారు. అడివి పక్కన తేమ, చలిజ్వరాలు అని దాన్ని కొట్టేసినాడు. పుల్లలచెరువు నుంచి గొర్రెలు తోలుకొచ్చే ఆదెయ్య మామని గూడా అడిగినాడు. "మా ఊళ్లో గాలికేం కరువన్నా, పొడిగాలి, తలగుడ్డ ఎగరగొడతది. నీళ్లే ఉండవు" అని మామ నవ్వినాడు. నాయన నవ్వలే. పొడిగాలేనా, నిజంగా పొడిగాలేనా అని రెండుసార్లు అడిగినాడు. నేను తలుపు చాటున ఉన్నా.

పోయిన వారం మదనపల్లె అన్నాడు. మన మనిషి ఒక్కడు లేడు ఆ ఊళ్లో. చస్తే మోసేదానికి నలుగురు లేని ఊరికా పోయేది అని అత్త మూతి తిప్పింది. నాయన నెమ్మదిగా అన్నాడు: "అందుకే పుల్లమ్మా. మనల్ని ఎరిగినోళ్లు ఎవరూ లేని ఊరే కావాల."

మదనపల్లె పక్కన ఏం ఆసుపత్రి ఉందో మా హాస్టల్లో అందరికీ తెలుసు. మా వార్డెనమ్మ చెల్లెల్ని అక్కడికే తీసకపోయినారు. క్షయ ఆసుపత్రి.

2. అది నాకే అనడానికి రుజువులు. (అ) సెలవల్లో నేను వచ్చిన రెండో రోజే, గిన్నెల మీద పేర్లు కొట్టే సాయిబుని నాయన వీధిలోంచి పిలిచి, ఒక్క ఇత్తడి గ్లాసు మీద నా పేరు కొట్టించినాడు. ఊళ్లో ఎవరైనా పెండ్లికిచ్చే బిందె మీదనో, గుడికిచ్చే గంగాళం మీదనో కొట్టిస్తారు గాని, ఇంట్లో తాగే గ్లాసుకి పేరెందుకు? దీంట్లోనే తాగాల, ఇంకోటి ముట్టొద్దు అన్నాడు. (ఆ) నా మంచం లోపలి గదిలో వేసినారు. నాయన బయట పందిట్లో పడుకుంటన్నాడు. (ఇ) నా గదిలోకి రావడం మానేసినాడు. ఒక్కసారి తలుపు తట్టి రెండడుగులు వెనక్కి పోయి నిలబడి, ఏం కావాల్నో అక్కణ్ణించే చెప్తాడు. చిన్నప్పుడు ఈ మనిషే నన్ను భుజాన ఎక్కించుకొని ఆఫీసుకి తీసకపోయేవాడు. (ఈ) నాయన కోటు జేబులో డాక్టరు రాసిన ఇంగ్లీషు జాబు దొరికింది. రెండో పేజీ ఒకటే ఉంది. ఎత్తు మీద పొడిగాలి ఉన్న చోటు మేలు అనీ, అమ్మాయి గిన్నెలు తప్పకుండా వేరుగా పెట్టాలనీ ఉంది. నాయనకి ఇంగ్లీషు అక్షరాలు కాపీ చేయడం వస్తది గాని అర్థం అంతగా తెలీదు. మరి దాన్ని నా చేత చదివించుకోకుండా ఎవరి చేత చదివించుకున్నట్టు? (ఉ) నాకు పది దినాలుగా దగ్గు.

అత్తని అడిగితే ఇంగ్లీషు చదివి చదివి రొమ్ము ఎండబెట్టుకున్నావు అంటది. మొకం అటు తిప్పుకొని అంటది. ఎవర్నీ నమ్మను ఇంక.

3. బళ్లో వ్యాసం రాసినందుకు నాకు బహుమతిగా వచ్చిన డిక్షనరీ పక్కింటి కృష్ణమ్మకి. ఆమెకి ఇంగ్లీషు రాదు, తెలుగే కూడబలుక్కొని చదువుతది. కాని దాని అట్ట వాసన చూసి, శ్యామలా దీంట్లో ఉన్నయన్నీ నీ నెత్తిలో ఉన్నయ్యా అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఈ వీలునామా నడిపించే బాధ్యత గూడా ఆమెకే ఇస్తన్నా, ఈ ఇంటి మనిషి కాదు కాబట్టి.

4. నా గొడుగు పొదిల్లో పెదనాయన కూతురు వెంకటరత్నమ్మక్క దగ్గరుంది. రెండేండ్ల కింద వాన పడతందని పట్టుకపోయింది. నేను పోయినాక అది ఆమెకి ఇచ్చినట్టు అనుకోగూడదు. మిషను బడి పిల్ల దగ్గర సబ్బు వాసన తప్ప ఇంకేం లేదని నలుగురిలో నవ్విన నోరు అది. ఆ గొడుగు ఆమె దగ్గర్నుంచి తీసుకొని ఎవరికైనా ఇవ్వండి, ఆమెకి తప్ప.

5. అమ్మ రాఘవమ్మ వెండి కడియాలు పుల్లమ్మత్తకి. అమ్మ నాకు నాలుగేండ్లప్పుడు పోయింది. అప్పట్నుంచి తల దువ్వింది అత్తే. మోకాళ్ల మధ్య కూచోబెట్టుకొని చిక్కు తీస్తా తీస్తా తిట్టేది, తిట్టేటప్పుడే మెల్లిగా లాగేది. ఇప్పుడు మొకం తిప్పుకుంటన్నందుకు కడియాలు వెనక్కి తీసుకుందామా అనుకున్నా. వద్దులే. ఆమెవే.

6. ఆదెయ్య మామ పోయిన ఏడు నాకిచ్చిన మేకపిల్ల మళ్లీ మామకే. మందలో తిరగాల. కోయగూడదు. నా దినాలకి అసలే కోయగూడదు.

7. నా పేరున్న ఇత్తడి గ్లాసు. దీన్ని ఎవరికి ఇచ్చినా వాళ్లకి జబ్బు అంటుకుంటది కాబట్టి బావిలో పడేయాల అని రాయబోయినా. కాని వస్తువుకి ఆనవాళ్లు రాయకుండా దస్తావేజు పూర్తి కాదు. ఎంత ఎత్తు, ఏం గుర్తు, ఏ పక్క ఏముంది. నాయన నేర్పిందే అది. అందుకని ఇప్పుడే వంటింట్లోకి పోయి చూసొచ్చినా.

సదరు గ్లాసు జానెడుకి తక్కువ, అంచు మీద ఒక నొక్కు, శ్యామలమ్మ అని పేరు, "మ" వంకర. దీనికి తూర్పు అత్త గ్లాసు. పడమర అత్త చెంబు. అన్నీ ఒకే బల్ల మీద, ఒకే చింతపండుతో తోమి, ఒకదానికి ఒకటి తగులుకొని బోర్లించి ఉన్నయి.

జబ్బు మనిషి గ్లాసుని ఎవరైనా అట్ల పెడతారా?

నాయన గ్లాసు బల్ల మీద లేదు. ఇల్లంతా వెతికినా. పందిట్లో మంచం కింద ఒక మట్టి ముంత, ఒక మట్టి పిడత, పక్కన ఉమ్మడానికి బూడిద పోసిన చిప్ప. చిప్ప మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ ఎత్తి చూసినా. చూసింది ఇక్కడ రాయను. నాయన గ్లాసు చూరులో చెక్కి ఉంది, దుమ్ము పట్టి.

డాక్టరు జాబులో అమ్మాయి గిన్నెలు వేరు పెట్టమన్నది నిజమే. ఎవరి గిన్నెల నుంచి వేరో మొదటి పేజీలో ఉంటది. గ్రామరులో ఫస్టు మార్కు నాది. సగం జాబు చదివి మొత్తం అర్థమయిందనుకున్నా.

శివరాత్రికి పొదిలి పోయొచ్చినాకే నాయన ఆ ఊరి మాట ఆపేసినాడు. అక్కడ ఎవరి ముందరో దగ్గి ఉంటాడు. జబ్బుందని ఆ ఊళ్లో తెలిస్తే మనోళ్లే బావి కాడికి రానియ్యరు. నన్ను గూడా. అందుకే ఎవరూ ఎరగని ఊరు. పొద్దున్నే చీకటుండగా వాకింగు అని చేలవైపు పోయేది గాలి కోసం కాదు, మాకు వినపడకుండా దగ్గడానికి. నా దగ్గు అత్త పొయ్యిలో వేసే పచ్చి తుమ్మకట్టెల పొగది. నిన్నట్నుంచి పిడకలు వేస్తంది, నిన్నట్నుంచి నాకు దగ్గు రాలే. అది గూడా ఇప్పుడే గమనించినా.

అత్తకి తెలుసు. అందుకే మొకం తిప్పుకుంటది.

8. కాబట్టి పైన మూడు నుంచి ఆరు దాకా రాసినవన్నీ రద్దు. గొడుగు సంగతి తప్ప. వాటి బదులు నా చివరి ఇష్టం ఇది. నాయన మదనపల్లె పోతే నేనూ వస్తా. నన్ను పొదిల్లో వెంకటరత్నమ్మక్క ఇంట్లో వదిలిపెట్టే ఆలోచన ఉంటే అది ఈ కాయితంతో చెల్లదు. ఇంకనుంచి డాక్టరుకి జాబులు ఇంగ్లీషులో నేనే రాస్తా, రెండు పేజీలూ నేనే చదువుతా. పేర్లు కొట్టే సాయిబు మళ్లీ వీధిలోకొస్తే నాయన గ్లాసు మీద గూడా పేరు కొట్టించాల. నాది ఈ కొసన, ఆయనది ఆ కొసన, మధ్యలో ఎంత ఎడం కావాల్నంటే అంత. కాని ఒకే బల్ల మీద. మా నాయన మట్టి ముంతలో తాగగూడదు.

బహుధాన్య సంవత్సరం వైశాఖ మాసం, 1938 మే 17, మంగళారం, మార్కాపురం.

స్వదస్తూరి, శ్యామలమ్మ.

ఒకటో సాక్షి: పుల్లమ్మ, వేలిముద్ర. హాస్టలు కాయితమని అబద్ధం చెప్పి నిన్ననే వేయించినా. చదివి చెప్పమని అడగలే. ఏడ్చి రాసిన కాయితంలెక్క ఉందే అన్నది, అంతే, ఒత్తింది.

రెండో సాక్షి:

తలుపు తట్టినారు. ఒక్కసారే. అడుగులు వెనక్కి పోయినయి, ఒకటి, రెండు. నాయనే. కాయితాలు డిక్షనరీ అట్టలో పెడతన్నా. ఏం కావాల్నో అక్కణ్ణించి చెప్పకముందే తలుపు తీయాల